కుదురుకి ఎన్ని మొక్కలు? - జుట్టు నాట్లకి మరమ్మతుల కథ

మా గోదావరి వైపు 'కుదురు' అంటే చేలో ఊడ్చిన వరి దుబ్బు. తలమీద వెంట్రుక మొలిచే చోటు కూడా కుదురే. తలనూనె ప్రకటనల వాళ్ళు ఈ రెండో అర్థాన్ని అరగదీసి వదిలిపెట్టారు గానీ, బట్టతల సర్జరీ చరిత్ర, అందులోనూ ఒకసారి చెడిన సర్జరీని రెండో సర్జరీతో బాగుచేసే చరిత్ర, అర్థం కావాలంటే మొదటి అర్థం దగ్గరే మొదలుపెట్టాలి. పెంటపాడులో పుట్టినవాడిని కాబట్టి నాకు ఆ దారే దగ్గర.

ఇప్పుడిదంతా ఎందుకంటే, మన సాఫ్ట్‌వేర్ ఆఫీసుల్లో లంచ్ టేబుల్ దగ్గర క్రికెట్టు, రియల్ ఎస్టేట్ తర్వాత మూడో టాపిక్ ఇదే అయిపోయింది. గ్రాఫ్టుకి ఎంత? ఎన్ని గ్రాఫ్టులు? హైదరాబాదా, ఇస్తాంబులా? హోటలు కూడా ప్యాకేజీలోనేనా? అన్నీ అడుగుతారు. ప్రొడక్షన్‌లో పెట్టేముందు రోల్‌బ్యాక్ ప్లాన్ ఏదని మేనేజర్ని నిలదీసేవాళ్ళు కూడా, తమ తల దగ్గరికొచ్చేసరికి "ఇది చెడితే ఏంటి?" అని అడగరు. ఆ ప్రశ్నకి డెబ్భై ఏళ్ళ పైబడిన చరిత్ర ఉంది.

ముందు వ్యవసాయం. ఆకుమడిలో పెరిగిన ఆకుని పీకి చేలో ఊడుస్తాం కదా. తలలో వెనకవైపు, చెవులపైన ఉండే జుట్టు ఆకుమడి. ముందు భాగం, నడినెత్తి చేను. తేడా ఒక్కటే. ఆకు చాలకపోతే రైతు మళ్ళీ విత్తనాలు చల్లుకుంటాడు, లేకపోతే పక్క రైతుని అడిగి నాలుగు కట్టలు తెచ్చుకుంటాడు. తలకి ఆ వీలు లేదు. పక్కవాడి జుట్టు మన ఒంటికి పట్టదు. మన జుట్టైనా ఒకసారి కుదురుతో తీసేసినచోట మళ్ళీ మొలవదు. ఇంతా చేస్తే జీవితం మొత్తానికి వెనకనుంచి తీసుకోగలిగే కుదుళ్ళు చాలామందికి నాలుగు నుంచి ఆరు వేలు. మనిషిని బట్టి కొంచెం అటూ ఇటూ. మొదటి సర్జరీ అయినా, రెండోది అయినా, పదోది అయినా ఆ మడిలోంచి తీయాల్సిందే. ఇది గుర్తుపెట్టుకుంటే మిగతా కథంతా దానంతటదే అర్థమవుతుంది.

1822లో జర్మనీలో డీఫెన్‌బాక్ అనే వైద్య విద్యార్థి తన థీసిస్ కోసం సొంత చేతికి సూదితో చిల్లులు పొడుచుకుని, తల వెంట్రుకలు పీకి వాటిలో నాటుకున్నాడు. కొన్ని బతికాయి, కొన్ని చచ్చాయి. అక్కడితో ఆ ముచ్చట చాలాకాలం ఆగిపోయింది. అసలు పని మొదలైంది జపాన్‌లో. 1939లో ఒకుడా అనే డాక్టరు, చర్మాన్ని గుండ్రంగా కోసే చిన్న పంచ్‌తో జుట్టున్న చర్మం ముక్కలు తీసి, మచ్చలు పడి జుట్టు పోయిన చోట్ల, కనుబొమల్లో, మీసాల్లో నాటి ఆ వివరాలు అచ్చువేశాడు. చూశారా, ఈ విద్య పుట్టిందే మరమ్మతు విద్యగా. మగవాళ్ళ బట్టతల ఆయన లెక్కలోనే లేదు. 1943లో తమురా అనే ఇంకో డాక్టరు ఇంకా ముందుకెళ్ళి, ఒక్కొక్క వెంట్రుకనీ విడివిడిగా నాటితేనే సహజంగా ఉంటుందని తేల్చాడు. కానీ అది ప్రపంచయుద్ధం మధ్యలో, జపనీస్ భాషలో. పడమటి దేశాల వాళ్ళకి ఈ సంగతి తెలిసేసరికి దశాబ్దాలు గడిచిపోయాయి. నన్నడిగితే ఈ మొత్తం చరిత్రలో బాగా బాధపెట్టే విషయం ఇదే. సరైన పద్ధతి ముందే దొరికింది, చదివే నాథుడు లేకపోయాడు. యాభై ఏళ్ళ తర్వాత అమెరికాలో అదే విషయాన్ని మళ్ళీ కనిపెట్టుకోవాల్సొచ్చింది. ఆ యాభై ఏళ్ళలో నాటించుకున్న తలలన్నీ మధ్యలో నలిగిపోయాయి.

1952లో న్యూయార్క్‌లో నార్మన్ ఓరెన్‌ట్రైక్ అనే చర్మవైద్యుడు మగవాళ్ళ బట్టతలకి మొదటి నాటు వేశాడు. ఆయన చేసిన గొప్ప పని సర్జరీ కాదు, దాని వెనకున్న ప్రయోగం. జుట్టున్న చర్మాన్ని బట్టతల మీద, బట్టతల చర్మాన్ని జుట్టు మధ్యలో నాటి చూశాడు. జుట్టున్న ముక్క ఎక్కడ పెట్టినా జుట్టు పెంచింది. బట్టతల ముక్క ఎక్కడ పెట్టినా బట్టగానే ఉండిపోయింది. అంటే గుణం చేనుది కాదు, ఆకుది. ఆయన పేపర్ని మొదట పంపిన పత్రిక తిప్పికొట్టింది, చివరికి 1959లో అచ్చయింది. ఇవాళ్టికీ ప్రతి క్లినిక్కూ నిలబడేది ఆ సూత్రం మీదే.

సూత్రం బంగారం. సైజు దగ్గర వచ్చింది చిక్కు. ఆయన వాడిన పంచ్ సుమారు 4 మిల్లీమీటర్లు. మన అలవాటు ప్రకారం లెక్కేద్దాం. 4 మిల్లీమీటర్ల గుండ్రం అంటే పన్నెండున్నర చదరపు మిల్లీమీటర్లు. తల వెనకభాగంలో చదరపు సెంటీమీటరుకి ఎనభై కుదుళ్ళు అనుకుంటే, ఒక్కో ముక్కలో పది కుదుళ్ళు, ఇరవై వెంట్రుకల దాకా వస్తాయి. సహజంగా తలమీద ఒక కుదుట్లో మొలిచేది ఒకటి నుంచి నాలుగు వెంట్రుకలు. నుదుటి గీత దగ్గరైతే ఒక్కటే. అక్కడ ఇరవై వెంట్రుకల కట్ట పెట్టి, చుట్టూ కాస్త ఖాళీ వదిలి, మళ్ళీ ఇంకో కట్ట పెడితే ఎలా ఉంటుంది? బొమ్మ తలలా ఉంటుంది. అమెరికాలో దాన్ని అలాగే పిలిచేవారు.

ఆ రోజుల డాక్టర్లు మరీ తెలివితక్కువ వాళ్ళేం కాదు. నాలుగు విడతల్లో గళ్ళు మార్చి గళ్ళు నింపితే ఖాళీలు పూడిపోతాయని ప్లాను. కాగితం మీద బాగానే ఉంది. కానీ ఒకటి రెండు విడతలయ్యాక డబ్బులైపోయి కొందరు, సిగ్గేసి కొందరు, వెనక మడి అయిపోయి కొందరు మధ్యలో ఆగిపోయారు. పెద్ద ముక్కల్లో మధ్యనున్న వెంట్రుకలకి రక్తం అందక చచ్చిపోయి, చుట్టూ గారె అంచులా మిగిలేది. వెనక పంచ్ తీసిన గుంటల్ని కుట్టకుండా వదిలేసేవారు, అవి తెల్ల మచ్చలై వరసగా ఉండిపోయేవి. అయినా జనం చేయించుకున్నారు. విలియం ప్రాక్స్‌మైర్ అనే అమెరికన్ సెనేటర్ 1972లో నాటించుకుని, దాచకుండా ఒప్పుకున్నాడు. గాయకుడు ఎల్టన్ జాన్ డెబ్భైల్లో పారిస్ వెళ్ళి చేయించుకున్నాడు. అది కుదరక టోపీల్లోకి, చివరికి విగ్గులోకి వెళ్ళిపోయానని 2019లో వచ్చిన ఆత్మకథలో ఆయనే చెప్పుకున్నాడు. అంత డబ్బున్నవాడికే దిక్కు లేకపోయింది.

పెంటపాడుకి వస్తున్నా. 1965లో అమెరికా వలస చట్టం మారాక మన డాక్టర్లు, ఇంజనీర్లు వరస కట్టారు కదా. మా పెద్ద మావయ్య ఆ వరసలో డెబ్భైల్లో వెళ్ళాడు. అక్కడే ఏదో ఊళ్ళో 1980 ప్రాంతంలో రెండు విడతలు ప్లగ్గులు పెట్టించుకున్నాడు. ఎనభైల మధ్యలో ఓ వేసవిలో పెళ్ళికని ఊరొచ్చాడు. మాడుమీద కొబ్బరినూనె రాస్తూ మా అమ్మమ్మ అన్న మాట ఇంట్లో ఇప్పటికీ చెప్పుకుంటారు. "ఇదేం ఊడుపురా నాయనా! కుదురుకి పాతిక మొక్కలు పెట్టి, మధ్యలో బారెడు ఎడం వదిలేశారు. కూలి ముందే ఇచ్చేశావా ఏం?" అందరూ నవ్వారు, మావయ్య కూడా నవ్వాడు. ఆ తర్వాత ఊరొచ్చినప్పుడల్లా గోల్ఫ్ టోపీ తీయలేదు. స్నానానికి వెళ్ళేటప్పుడు కూడా. చిన్నప్పుడు అదేదో అమెరికా స్టైలనుకునేవాణ్ణి.

అమ్మమ్మ ఒక్క చూపులో పట్టేసింది సైన్సుకి పట్టడానికి ఇంకో పదేళ్ళు పట్టింది. 1984లో హెడింగ్‌టన్ అనే పాథాలజిస్టు తల చర్మాన్ని అడ్డంగా పలచగా కోసి మైక్రోస్కోపు కింద చూసి, వెంట్రుకలు విడివిడిగా కాదు, చిన్న చిన్న గుంపులుగా, ఒక్కో గుంపు తన సొంత పొరలో ఒదిగి మొలుస్తాయని రాశాడు. దానికి ఫాలిక్యులర్ యూనిట్ అని పేరు పెట్టాడు. (మన భాషలో అప్పటికే పేరుంది.) అది శరీర నిర్మాణ పరిశోధన, సర్జరీ వాళ్ళు వెంటనే పట్టించుకోలేదు. టెక్సస్‌లో బాబీ లిమ్మర్ 1988 నుంచి, వెనకనుంచి తీసిన చర్మం పట్టీని స్టీరియో మైక్రోస్కోపు కింద కుదురు కుదురుగా విడదీసి నాటడం మొదలుపెట్టి, 1994లో ప్రచురించాడు. మరుసటి ఏడు బెర్న్‌స్టైన్, రాస్‌మన్ అనే ఇద్దరు, నాటాల్సింది కుదుళ్ళనే, అంతకన్నా పెద్దవీ కాదు, చిన్నవీ కాదు అని సిద్ధాంతంగా రాశారు. ఈ మధ్యకాలంలో డాక్టర్లు బట్టతలని కోసి తీసేసి అంచులు కలిపి కుట్టడం, పక్కనున్న జుట్టు చర్మాన్ని పట్టీలా తిప్పి ముందు అతికించడం, ప్లాస్టిక్ దారాలు గుచ్చడం వగైరా కూడా చేశారు. ప్లాస్టిక్ దారాల్ని అమెరికా ప్రభుత్వం 1983లో నిషేధించింది. మిగతావి వాటంతటవే పోయాయి, మచ్చలు మాత్రం ఉండిపోయాయి.

ఇప్పుడు అసలు విషయం. తొంభైల చివరికి కొత్త పద్ధతి నిలబడేసరికి, పాత పద్ధతి తలలు బోలెడు మిగిలాయి. వాళ్ళంతా కొత్త డాక్టర్ల తలుపు తట్టారు. బెర్న్‌స్టైన్ బృందం 2002లో ఈ మరమ్మతు మీద రెండు భాగాలుగా పేపర్లు రాసింది. వీళ్ళు ఏం చేస్తారో చూస్తే, లెగసీ కోడ్ మీద పనిచేసిన ఎవరికైనా కళ్ళు చెమరుస్తాయి.

మొదటి దారి కప్పడం. ప్లగ్గుల ముందు, మధ్య ఖాళీల్లో ఒంటి వెంట్రుకల కుదుళ్ళు నాటి, కట్టలు కనపడకుండా చేయడం. చవక, సులువు. కానీ మావయ్య లాంటి వాళ్ళకి పనికిరాదు. ఎందుకంటే ముప్ఫై ఏళ్ళ వయసులో ఉత్సాహంగా నుదుటి గీతని బాగా కిందకి దింపి పెట్టించుకున్నాడు. దాని ముందు ఇంకా నాటితే గీత కనుబొమల మీదికి వస్తుంది. కింద పెట్టిన గీతని ఎంత కలిపినా పైకి జరపలేం, తీసేయాల్సిందే.

తీయడం రెండో దారి. ప్లగ్గు కన్నా కొంచెం చిన్న పంచ్‌తో దాని మధ్యభాగాన్ని తీస్తారు. కొన్ని వెంట్రుకలు ఉన్నచోటే ఉంటాయి, కట్ట పలచబడుతుంది. గీత మరీ కిందుంటే మొత్తం ముక్కని తీసేస్తారు. గుంటకి సన్నటి కుట్టు. ఇక్కడే దీని అందం ఉంది. తీసిన ముక్కని పారేయరు. మైక్రోస్కోపు కింద పెట్టి అందులో బతికున్న కుదుళ్ళని ఒక్కటొక్కటిగా విడదీసి, అదే రోజు సరైన చోట, సరైన వాలులో మళ్ళీ నాటుతారు. లేజర్‌తో కాల్చేస్తే గొడవ వదిలిపోతుంది కదా అంటే, వెనక మడి ఖాళీ అయినవాడికి ఒక్కో వెంట్రుకా బంగారమే. చెడిపోయిన నాటే ఇప్పుడు వాడికి మిగిలిన ఆకుమడి.

చెప్పినంత సులువు కాదు. పాత మచ్చల్లో రక్తప్రసరణ తక్కువ, కొత్త కుదుళ్ళు దగ్గరదగ్గరగా నాటితే చచ్చే ప్రమాదం ఎక్కువ. ప్లగ్గు లోపలి వెంట్రుకలు మచ్చ కణజాలంలో వంకర్లు తిరిగి ఉంటాయి, కోసేటప్పుడు కొన్ని తెగిపోతాయి. తీయడం ముందు, కప్పడం తర్వాత. మధ్యలో నెలల తరబడి మానడానికి ఆగాలి. నుదుటి దగ్గర వెంట్రుక ముందుకి వాలి మొలవాలి, పాత ప్లగ్గుల్లో నిటారుగా నిలబడుతుంది. నిటారుగా ఉన్నదాన్ని వంచలేం, తీసి మళ్ళీ పెట్టాల్సిందే.

మావయ్య 2003లో రిపేరు చేయించుకున్నాడు, పది నెలల తేడాతో రెండుసార్లు. డాక్టరు మొట్టమొదట చూసింది ముందు భాగం కాదట. దువ్వెనతో వెనక జుట్టు పైకెత్తి, మచ్చల మధ్య ఏం మిగిలిందో చాలాసేపు చూశాడట. తర్వాత చెప్పిన మాట, "నిండుగా చేయలేను, మామూలుగా కనపడేలా చేయగలను." నడినెత్తి వదిలేసి ముందు మాత్రం సరిచేశాడు. ఇప్పుడు మావయ్యని చూస్తే వయసుకి తగ్గట్టు జుట్టు పలచబడ్డ పెద్దమనిషిలా ఉంటాడు. రెండు సర్జరీలు, ఇరవై మూడేళ్ళ టోపీ తర్వాత దక్కింది అది. ఆయన అనేది మాత్రం "బట్టతలే బాగుండేదిరా అల్లుడూ, కనీసం దువ్వెన ఖర్చయినా మిగిలేది" అని.

సరే, ఇదంతా పాతకథ, ఇప్పుడు ప్లగ్గులెవరు పెడుతున్నారు అంటారా? నిజమే, ఎవరూ పెట్టట్లేదు. 2002లోనే రాస్‌మన్ బృందం ఎఫ్‌యూఈ అనే పద్ధతిని కూడా ప్రచురించింది. పట్టీ కోయకుండా, ఒక మిల్లీమీటరు అటూ ఇటూ ఉండే పంచ్‌తో కుదుళ్ళని ఒక్కొక్కటే తీయడం. (ఆస్ట్రేలియాలో వుడ్స్ అనే ఆయన అంతకుముందే చేస్తూ పద్ధతిని బయటపెట్టలేదు.) 2011లో ఈ పని చేసే రోబోకి కూడా అమెరికాలో అనుమతి వచ్చింది. మరమ్మతులకి ఎఫ్‌యూఈ పెద్ద వరం. పాత ప్లగ్గులోంచి ఒక్కో కుదురునీ ఏరి తీయొచ్చు, మచ్చమీద నాలుగు కుదుళ్ళు పెట్టొచ్చు.

ఆ వరమే కొత్త రిపేరు తలల్ని తయారుచేసింది. పట్టీ కోసి కుట్టాలంటే సర్జన్ కావాలి. చేతిమిషనుతో చుక్కలు తీయడానికి శిక్షణ లేనివాళ్ళని కూడా కూర్చోబెట్టొచ్చని వ్యాపారులు కనిపెట్టారు. ప్యాకేజీలో ఇన్ని వేల గ్రాఫ్టులని రాస్తారు కాబట్టి అన్ని వేలు తీయాలి. మడి మధ్యలో చాలకపోతే అంచుల్లోకి, మెడ దగ్గరికి, నడినెత్తి దిగువకి వెళ్తారు. అక్కడి జుట్టు రేపు రాలేదే. 1959 నాటి సూత్రం ఇక్కడ తిరగబడుతుంది. రాలే గుణమున్న ఆకుని ఎక్కడ ఊడ్చినా రాలుతుంది. కొన్నేళ్ళకి ముందూ పోతుంది, వెనక చెదలు కొట్టిన బట్టలా మచ్చలు బయటపడతాయి.

ఇంకోటి వయసు. పాతికేళ్ళవాడు ముందు గీత నింపించుకుంటాడు. దాని వెనకున్న సొంత జుట్టు తన దారిన తను పోతూనే ఉంటుంది. పదేళ్ళకి కొల్లేట్లో లంకలా ముందు ఒక దిబ్బ, చుట్టూ ఖాళీ. 1997 చివర్లో అమెరికాలో అనుమతి పొందిన ఫినాస్టరైడ్ మాత్ర ఆ పోవడాన్ని చాలామందిలో నెమ్మదిస్తుంది, వాడినన్నాళ్ళే. దానికి దుష్ఫలితాలూ ఉన్నాయి, డాక్టర్ని అడిగి వాడాల్సిందే. అది వాడకుండా, లేదా మధ్యలో మానేసి, మళ్ళీ రెండో సర్జరీకి వచ్చేవాళ్ళకి మడిలో ఎంత మిగిలిందన్నదే ప్రశ్న. ప్లగ్గుల కాలంలో పని ముతక. ఇప్పుడు పని సన్నం, దురాశ ముతక.

చెడడం అంటే అందం చెడడమే కాదు. 2016లో చెన్నైలో జుట్టు నాటించుకున్న ఒక వైద్య విద్యార్థి చనిపోయాడు. 2025లో కాన్పూర్‌లో ఒక ఇంజనీరు మరణం మీద, సర్జరీ చేసిన దంతవైద్యురాలిపై పోలీసు కేసయింది. మధ్యలో 2022 సెప్టెంబరులో జాతీయ వైద్య కమిషన్ మార్గదర్శకాలు ఇచ్చింది. సర్జరీలో శిక్షణ ఉన్న రిజిస్టర్డ్ డాక్టర్లే చేయాలి, వర్క్‌షాపులోనో యూట్యూబులోనో చూసి మొదలుపెట్టడం చెల్లదు అని. యూట్యూబు పేరెత్తి చెప్పాల్సి వచ్చిందంటే పరిస్థితి ఊహించుకోండి.

అందుకే లంచ్ టేబుల్ దగ్గర ఎవరైనా నన్నడిగితే, గ్రాఫ్టు ధర నాకు తెలియదు గానీ, క్లినిక్కులో అడగమని రెండు ప్రశ్నలు చెబుతాను. నా వెనక మడిలో మొత్తం ఎన్ని కుదుళ్ళున్నాయి, మీరు తీశాక ఎన్ని మిగులుతాయి? పంచ్ పట్టుకునేది ఎవరు? జవాబులో అంకె లేకపోతే, పేరు లేకపోతే లేచి వచ్చేయమంటాను. మొన్న మా టీములో కుర్రాడొకడు అడిగొచ్చాడు. "అవన్నీ మేం చూసుకుంటాం సార్, ఈ నెలాఖరు దాకా ఆఫరుంది" అన్నారట. వాడింకా ఆలోచిస్తున్నాడు.

ల్యాబులో కుదుళ్ళు పెంచే ప్రయత్నాలు ఏళ్ళుగా నడుస్తున్నాయి, క్లినిక్కు దాకా ఇంకా రాలేదు. ప్రస్తుతానికి రిపేరు డాక్టర్లు అదనపు మడి కోసం వెతుకుతున్నది గడ్డం కింద. గడ్డం వెంట్రుక ముతక కాబట్టి నుదుటి గీతలో పెట్టరు. నడినెత్తిలో సందులు నింపడానికి, వెనక తెల్ల మచ్చలు కప్పడానికి వాడతారు. మచ్చల మీద సన్నటి పచ్చబొట్టు చుక్కలు పెట్టి, కత్తిరించిన జుట్టులా భ్రమ కలిగించడం ఇంకో ఉపాయం. మావయ్యకి ఈ రెండూ చెప్పాను. పచ్చబొట్టు మాట వినగానే నవ్వి, పేపరు మొహానికి అడ్డం పెట్టుకున్నాడు.